పూల్ డైరీ: స్టెబిలైజర్ 220 నుంచి 40కి, మార్చి నుంచి జూలై దాకా

హైదరాబాద్ శివారు కొంపల్లి వైపు మా ఇంటి వెనకున్న చిన్న పూల్ ఇది. స్టెబిలైజర్ అంటే క్లోరిన్ ఎండకి పోకుండా పట్టుకునే మందు, అది మరీ ఎక్కువైతే ఎలా దించామో రాస్తున్నా. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, ఒక చివర మీటరు లోతు, ఇంకో చివర మీటరున్నర. సగటు లోతు 1.25 అనుకుంటే 40,000 లీటర్లు. ఈ నంబరు గుర్తుపెట్టుకుంటే కింద లెక్కలన్నీ అర్థమవుతాయి: ఈ పూల్‌లో 1 పీపీఎం (లీటరుకి ఒక మిల్లీగ్రాము) అంటే 40 గ్రాములు, కింద క్లోరిన్, స్టెబిలైజర్ నంబర్లన్నీ పీపీఎంలోనే. మీ పూల్ వేరే సైజైతే ముందు టేపుతో కొలుచుకుని మీ నంబరు తీసుకోండి, కట్టినోళ్లు చెప్పిన కెపాసిటీని నమ్మొద్దు, మాకు 50,000 అన్నారు.

స్టేజ్ 1: అసలు ఎంతుందో కొలవడం (మార్చి 3 - 5)

పరిస్థితి ఏంటంటే ఫిబ్రవరి చివర్నుంచి నీళ్లు పచ్చగా అవుతున్నాయి, గోడల్ని చేత్తో తాకితే జారుడు. కానీ ఓటీఓ కిట్‌లో, అదే పసుపు రంగొచ్చే చుక్కల కిట్, క్లోరిన్ 3 చూపిస్తోంది. పూల్ చూసే తమ్ముడు "నీళ్లు పచ్చగైనయంటే మందు తక్కువైనట్టు సార్, ఇంకో రెండు కిలోలు వేద్దాం" అన్నాడు, వేశాం. మూడు రోజులు తేటగా ఉన్నాయి, నాలుగో రోజుకి మళ్లీ పచ్చ. అక్కడ ఆపేసి కొలత మొదలుపెట్టా.

ఓటీఓ చూపించేది మొత్తం క్లోరిన్. అందులో పనిచేసేదెంత, అప్పటికే మురికితో కలిసిపోయి పనికిరానిదెంత అనేది అది చెప్పదు. అందుకే పొడి వేసి గులాబీ రంగు పోయేదాకా చుక్కలు లెక్కపెట్టే డీపీడీ కిట్, స్టెబిలైజర్‌కి నల్లచుక్క ట్యూబు, హార్డ్‌నెస్, ఆల్కలినిటీ (పీహెచ్ ఒక్కసారిగా మారకుండా ఆపే గుణం) చుక్కలు అన్నీ కలిపి 5,200 పెట్టి తెప్పించా. ఇది మొదట కొనాల్సింది, నేను ఆ రెండు కిలోలు వేసి చూశాక కొన్నా.

నల్లచుక్క టెస్ట్ సంగతి కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే నేను రెండుసార్లు తప్పు రీడింగ్ తీశా. పూల్ నీళ్లలో రీఏజెంట్ కలిపితే స్టెబిలైజర్ ఎంతుంటే అంత పాలలాగా తెల్లబడతాయి. ఆ తెల్లనీళ్లని సన్నగా ట్యూబులోకి పోస్తూ పైనుంచి చూస్తుంటే అడుగున నల్లచుక్క మసకబారుతూ ఒకచోట మాయమవుతుంది, అక్కడున్న గీతే రీడింగ్. మొదటిసారి రెండు మూడు చుక్కల ఎత్తు పోశానో లేదో, కింది 100 గీత కూడా రాకముందే మాయం. అంటే 100 కన్నా చాలా ఎక్కువ, ఎంత ఎక్కువో తెలీదు. సరే అని ఒక వంతు పూల్ నీళ్లకి మూడు వంతులు ఫిల్టర్ నీళ్లు కలిపి మళ్లీ చేశా, వచ్చిన దాన్ని 4తో గుణించాలి. పోర్టికో నీడలో చేస్తే 75 వచ్చింది, అంటే 300. అదే నీళ్లు బయట పొద్దున పదింటికి, ఎండకి వీపు పెట్టి, ట్యూబు నా నీడలో నడుము ఎత్తులో పట్టుకుని చేస్తే 55, అంటే 220. వెలుతురు తక్కువుంటే చుక్క తొందరగా మాయమవుతుంది, అంతే తేడా. మా ఆవిడ పోస్తుంటే నేను చూసి, నేను పోస్తుంటే ఆమె చూసి, ఇలా మూడుసార్లు బయటే చేశాం, 55, 55, 60. 220 అని రాసుకున్నా.

మార్చి 5 రీడింగులు:
1. పనిచేసే క్లోరిన్ 4.5
2. కలిసిపోయిన క్లోరిన్ 1.5
3. పీహెచ్ 6.8
4. ఆల్కలినిటీ 50
5. స్టెబిలైజర్ 220

స్టేజ్ 2: 220 ఎక్కడ్నుంచి వచ్చింది

మేం స్టెబిలైజర్ అని విడిగా ఎప్పుడూ కొనలేదు. అదే నన్ను రెండ్రోజులు తికమక పెట్టింది. జవాబు డబ్బా మీదే ఉంది: టీసీసీఏ 90. పూరా పేరు ట్రైక్లోరో ఐసోసయన్యూరిక్ యాసిడ్. క్లోరిన్‌ని సయన్యూరిక్ యాసిడ్ మీద కట్టి అమ్ముతారు, నీళ్లలో వేస్తే క్లోరిన్ వాడకమై పోతుంది, సయన్యూరిక్ యాసిడ్ అక్కడే ఉండిపోతుంది. ఆ మిగిలేదే స్టెబిలైజర్.

ఇది చెడ్డదేం కాదు. అసలు లేకపోతే మన ఎండకి పొద్దున వేసిన క్లోరిన్ మధ్యాహ్నానికల్లా దాదాపు అయిపోతుంది. స్టెబిలైజర్ క్లోరిన్‌ని పట్టుకుని ఎండ నుంచి కాపాడుతుంది, కానీ అదే పట్టు వల్ల క్లోరిన్ నాచుని, క్రిముల్ని చంపే వేగం తగ్గుతుంది. ఎంత ఎక్కువ స్టెబిలైజర్ ఉంటే అంత ఎక్కువ క్లోరిన్ ఉండాలి. నేను పాటించిన లెక్క: రోజూ ఉండాల్సిన కనీస క్లోరిన్ స్టెబిలైజర్‌లో 7.5 శాతం, నాచు పట్టాక చంపడానికి 40 శాతం.

220కి 7.5 శాతం అంటే 16.5. నా పూల్‌లో ఉన్నది 4.5. నాచు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇక డబ్బాల లెక్క. 100 గ్రాముల టీసీసీఏ ఈ పూల్‌లో క్లోరిన్‌ని 2.25 పెంచుతుంది, స్టెబిలైజర్‌ని దాదాపు 1.4 పెంచుతుంది. కిందటి ఆగస్టులో పూల్ కడిగి కొత్త నీళ్లు పోశాం, అప్పట్నుంచి 5 కేజీల డబ్బాలు ఐదు కొన్నాం, 3 కేజీలు మిగిలింది. అంటే 22 కేజీలు నీళ్లలోకి వెళ్లింది, దాంతో 305 రావాలి. బ్యాక్‌వాష్‌లో (ఫిల్టర్‌లోకి నీళ్లు వెనక్కి తిప్పి మురికి బయటికి వదిలేటప్పుడు), వానలకి పొర్లిపోయినప్పుడు కొంత పోయి 220 మిగిలింది. లెక్క కుదిరింది. నాచు పోవాలని ఫిబ్రవరిలో వేసిన ఆ రెండు కేజీలే ఒక్కరోజులో 28 పెంచాయి, అంటే రోగం ఏదో అదే మందుగా వేశాం.

తమ్ముడిని నేను తప్పుపట్టను, అతనికి నేర్పినోళ్లు అట్లాగే నేర్పారు, నేనూ అడగలేదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే "గీ సంగతి మాకెవ్వరు చెప్పలే సార్" అన్నాడు, ఇప్పుడు తను చూసే మిగతా పూల్స్‌లో కూడా కొలుస్తున్నాడు.

స్టేజ్ 3: మొదటిసారి నీళ్లు దించడం (మార్చి 6 - 13)

స్టెబిలైజర్ ఎండకి పోదు, నీళ్లు ఆవిరైనా పోదు. మనలాంటోళ్లకి ఉన్న దారి ఒక్కటే, నీళ్లు తీసి వేరే నీళ్లు పోయడం. 220 నుంచి 40కి ఒకేసారి రావాలంటే 82 శాతం, 32,800 లీటర్లు మార్చాలి. మార్చిలో, మా కాలనీలో బోర్లు అప్పుడే గాలి లాగుతున్న టైంలో, నలుగురు బిందెలతో ట్యాంకర్ కోసం నిలబడే చోట అంత నీళ్లు పూల్‌కి పోయడానికి మనసొప్పలేదు. అందుకని ఇలా అనుకున్నా: ఇప్పుడు సగం దించి 110కి తెచ్చి, ఎండాకాలం అంతా ఎక్కువ క్లోరిన్‌తో నడిపి, మిగతాది వానాకాలంలో వాననీళ్లతో చేద్దాం.

చేసిన పద్ధతి:
1. క్లోరిన్ వేయడం ఆపేసి 0.5కి పడిపోయేదాకా ఆగా, మూడు రోజులు. క్లోరిన్ ఉన్న నీళ్లు చెట్లకి పోయకూడదు.
2. పూల్ మోటార్ ఆపి స్విచ్‌కి టేపు వేశా. నీళ్లు స్కిమ్మర్ (పై నీళ్లని మోటార్‌కి లాగే గోడ బొక్క) కిందకి పోయాక ఎవరైనా ఆన్ చేస్తే మోటార్ ఎండిపోతుంది.
3. సంపు కడగడానికి కొన్న అర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ దించా. టైల్స్ మీద మార్కర్‌తో 60 సెంటీమీటర్ల గీత పెట్టా.
4. 3 గంటల 10 నిమిషాల్లో గీత దాకా వచ్చింది. 8 × 4 × 0.6, అంటే 19,200 లీటర్లు.

సగం కొబ్బరి చెట్లకి, రోడ్డు పక్క కానుగ చెట్లకి పోయింది, మిగతాది వరద కాలువలోకి. ఇంకుడు గుంతలోకి మాత్రం వదల్లేదు, ఆ నీళ్లు మళ్లీ మన బోర్లలోకే వస్తాయి.

నింపడం దగ్గర ఆలస్యమైంది. బోరు రెండు గంటలు నడిస్తే గాలి లాగుతోంది, ఆపి మళ్లీ వేస్తూ మూడు రోజుల్లో 9,200 లీటర్లు, మిగతాది 5,000 లీటర్ల ప్రైవేటు ట్యాంకర్లు రెండు, ఒక్కోటి 1,100. ట్యాంకర్ నీళ్లు మెత్తగా ఉంటాయనుకున్నా, కొలిస్తే హార్డ్‌నెస్ 520, మా బోరుది 460. అది కూడా ఎక్కడిదో బోరు నీళ్లే మరి. ట్యాంకర్ పైపు పూల్‌లో పెట్టేముందు ఒక సీసాడు పట్టి కొలవండి.

నింపాక లెక్క ప్రకారం స్టెబిలైజర్ 114 రావాలి, ట్యూబులో 110. పీహెచ్ 7.8కి, ఆల్కలినిటీ 160కి ఎగిరాయి, బోరు నీళ్ల మహిమ.

ఇప్పటిదాకా: మార్చిన నీళ్లు 19,200 లీటర్లు. ఖర్చు 7,400.

స్టేజ్ 4: నాచుతో ఎనిమిది రోజులు (మార్చి 15 - 22)

110కి 40 శాతం 44. టీసీసీఏ ముట్టుకోకూడదు కాబట్టి లిక్విడ్ క్లోరిన్, అదే సోడియం హైపో. బ్లీచింగ్ పౌడర్ కూడా ఒకరు చెప్పారు కానీ అందులో సున్నం ఎక్కువ, మన హార్డ్ నీళ్లకి ఇంకా కాల్షియం కలిపినట్టు.

ముందు పీహెచ్ 7.2కి దించా, మూడు విడతల్లో 1.3 లీటర్ల యాసిడ్. ఇది ముందే చేయాలి, ఎందుకంటే క్లోరిన్ 10 దాటాక పీహెచ్ చుక్కల రంగు తప్పు చూపిస్తుంది. యాసిడ్‌ని బకెట్ నీళ్లలోకి పోయాలి, నీళ్లని యాసిడ్‌లోకి కాదు. యాసిడ్, హైపో ఒకే పూట వెయ్యొద్దు, రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు. టీసీసీఏకి వాడిన మగ్గు హైపోకి, బ్లీచింగ్‌కి వాడొద్దు. నేను మూడు రంగుల మగ్గులు కొని వేరే వేరే గోడలకి వేలాడదీశా, టీసీసీఏ డబ్బా అయితే రూమే మార్చేశా.

మొదటి పొరపాటు హైపో బలం. డబ్బా మీద 12 శాతం అని ఉంది, 35 లీటర్లు 900. కొట్టు ముందు ఎండలో పెట్టి ఉంది, నేను పట్టించుకోలేదు. సాయంత్రం 4 లీటర్లు పోసి మోటార్ నడిపి అరగంటకి కొలిస్తే క్లోరిన్ 3 నుంచి 10కి వచ్చింది. 12 శాతమైతే 12 పెరగాలి, పెరిగింది 7. అంటే డబ్బాలో ఉన్నది 7 శాతమే, మిగతాది ఎండకి పోయింది. 44కి ఇంకా 19.5 లీటర్లు పోయాల్సొచ్చింది. రెండో డబ్బా హోల్‌సేల్ షాపులో లోపల గోడౌన్‌లోంచి తెప్పించా, అదే టెస్ట్‌లో 4 లీటర్లకి 11 పెరిగింది. ప్రతి కొత్త డబ్బాకి ఇప్పుడు ఇదే మొదటి పని.

చీకటి పడ్డాక కొలిచి, తెల్లారి ఎండ రాకముందు మళ్లీ కొలవాలి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి తగ్గిందంతా నాచు, మురికి తిన్నదే.

16 రాత్రి: 44 నుంచి 29, తగ్గింది 15
17 రాత్రి: 44 నుంచి 35, తగ్గింది 9
18 రాత్రి: 44 నుంచి 38, తగ్గింది 6
19: లెక్క చెడింది, కింద రాశా
20 రాత్రి: తగ్గింది 3
22 రాత్రి: 44 నుంచి 43.5

19 సాయంత్రం నేను ఆఫీసులో ఇరుక్కుపోయా, మా పెద్దోడు కొలిచాడు. పొడి వేయగానే గులాబీ రంగు మెరుపులా వచ్చి మాయమైంది, నీళ్లు తెల్లగా ఉన్నాయి, "నాన్నా జీరో వచ్చింది" అని ఫోన్ చేసి, నేను సరే అనగానే 5 లీటర్లు పోసేశాడు. నేనొచ్చి చూస్తే ఆ రంగు క్లోరిన్ లేక కాదు, మరీ ఎక్కువుండి పోయింది. ఎక్కువ క్లోరిన్ ఆ రంగునే కాల్చేస్తుంది. రెండో చెంచా పొడి వేస్తే రంగు నిలబడింది, చుక్కలు లెక్కపెడితే 49. పచ్చగా లేని పూల్‌లో ఒక్కసారిగా జీరో వస్తే, ముఖ్యంగా అలా మెరిసి పోతే, ఏమీ పోయకుండా రెండో చెంచా వేసి చూడండి. వాడి తప్పు కాదు, ఈ సంగతి నేనే చెప్పి వెళ్లాల్సింది.

ఈ రోజులన్నీ పొద్దునా సాయంత్రం గోడలు బ్రష్ కొట్టాం, నిచ్చెన వెనక, లైటు బిగించిన రింగు చుట్టూ కూడా. 21న లైటు విప్పి చూస్తే దాని వెనక వేలెడు మందం నాచు, ముదురాకుపచ్చ, తోలులాగా ఊడి వచ్చింది. రాత్రి నష్టం 3 దగ్గర ఆగిపోవడానికి అదే కారణం, అది తీసిన రెండో రాత్రికి 0.5కి పడింది. ఫిల్టర్ ప్రెషర్ శుభ్రంగా ఉన్నప్పుడు 0.8 బార్, 1.1 అయినప్పుడల్లా బ్యాక్‌వాష్, మొత్తం ఐదుసార్లు, 5,000 లీటర్లు. దాంతో స్టెబిలైజర్ కూడా 100కి దిగింది.

ఇప్పటిదాకా: నీళ్లు 24,200 లీటర్లు. హైపో రెండు డబ్బాలు 1,800, యాసిడ్ 250. ఖర్చు 9,450.

క్లోరిన్ 44 నుంచి 10కి ఎండకే దిగడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది, పిల్లల్ని అప్పటిదాకా దించలేదు.

స్టేజ్ 5: ఎండాకాలం నెట్టుకురావడం (ఏప్రిల్ - జూన్ మధ్య)

స్టెబిలైజర్ 100, క్లోరిన్ 8 నుంచి 10 మధ్య. 10 అంటే వినడానికి చాలా ఎక్కువగా ఉంటుంది, మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు. స్టెబిలైజర్ 40 ఉన్న పూల్‌లో 3, 4 ఎలాగో ఇక్కడ 8, 10 అలాగ. కళ్లు మండటం మార్చికి ముందే ఎక్కువుండేది, అది కలిసిపోయిన క్లోరిన్ వల్ల.

రోజుకి క్లోరిన్ నష్టం ఏప్రిల్‌లో 3.2. ఏప్రిల్ 20న నర్సరీల్లో వేసే 50 శాతం గ్రీన్ నెట్ 1,800 పెట్టి పూల్ మీద కట్టించా, తర్వాత వారం సగటు 1.9. ఈ మొత్తం ప్రాజెక్టులో పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ నెట్టే. అదే 3.2 టీసీసీఏతో నింపుంటే రోజుకి 2 చొప్పున రెండున్నర నెలల్లో స్టెబిలైజర్ ఉన్నదానికి ఇంకో 150 పెరిగేది.

నెట్ ఆవిరిని మాత్రం పెద్దగా ఆపలేదు. మేలో రోజుకి 8 మిల్లీమీటర్లు దిగుతోంది, అంటే రోజుకి 256 లీటర్లు. లీకేమో అని మెట్టు మీద బకెట్‌లో నీళ్లు పెట్టి పోల్చా, బకెట్‌లోనూ అంతే దిగింది కాబట్టి లీక్ లేదు. ఈ నీళ్లు బోరు నుంచి పోస్తుంటే హార్డ్‌నెస్ కూడుతూ పోయి టైల్స్ మీద తెల్లగీత పడింది. పీహెచ్ 7.4 దాటనివ్వకుండా వారానికోసారి యాసిడ్ వేస్తూ ఆ గీతని అక్కడికే ఆపాం.

హైపో డబ్బా మెట్ల కింద చీకట్లో, మూత కొంచెం వదులుగా. 11 శాతం ఉన్నది మూడు వారాలకి 9 అయింది. అందుకని ఇప్పుడు నెలకి మించి నిల్వ పెట్టను.

ఇప్పటిదాకా: హైపో ఇంకో మూడు డబ్బాలు 2,700, నెట్ 1,800. ఖర్చు 13,950. స్టెబిలైజర్ 90.

స్టేజ్ 6: వాననీళ్లు (జూన్ 20 - జూలై 12)

90 నుంచి 40కి 56 శాతం, 70 సెంటీమీటర్లు, 22,400 లీటర్లు. వానాకాలంలో దించేటప్పుడు ఒక భయం ఉంది, భూమిలో నీళ్లు పైకుంటే ఖాళీ పూల్‌ని కింద నుంచి ఎత్తేస్తాయి. జూన్ 20న ఇంకుడు గుంతలో చూస్తే అడుగుదాకా పొడిగా ఉంది, పైగా పూల్‌లో మూడో వంతు పైనే నీళ్లు ఉంచుతున్నా కాబట్టి ధైర్యం చేశా. ఆగస్టు, సెప్టెంబర్‌లో అయితే చేసేవాణ్ణి కాదు.

డాబా 130 చదరపు మీటర్లు. వానకి ముందు కడిగి, రెండు వాన గొట్టాలకి పీవీసీ పైపు తగిలించి పూల్‌లోకి మళ్లించా, మధ్యలో ఒక వాల్వ్. వాన మొదలైన పది నిమిషాలు బయటికి, తర్వాత పూల్‌లోకి. నీళ్లు సగమే ఉన్న రోజుల్లో దోమలు గుడ్లు పెట్టకుండా స్కిమ్మర్ వాల్వ్ మూసి అడుగునున్న మెయిన్ డ్రెయిన్ మీద మోటార్ నడిపా, క్లోరిన్ 4 తగ్గనివ్వలేదు.

మొదటి వాన: 16 సెంటీమీటర్లు, 5,120 లీటర్లు
రెండో వాన: 9 సెంటీమీటర్లు, 2,880
మూడో వాన: 21 సెంటీమీటర్లు, 6,720

ఆ మూడో వాన రాత్రి పదకొండింటికి వచ్చింది. టార్చ్ పట్టుకుని పైపు దగ్గర నిలబడ్డాం అందరం, గొట్టంలోంచి నీళ్లు లావుగా పడుతున్న చప్పుడు, టైల్స్ మీద మార్కర్ గీతలు ఒక్కొక్కటే మునుగుతుంటే చిన్నది గట్టిగా చదువుతోంది, ముప్ఫై, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది. నాలుగు నెలల్లో నాకు మర్చిపోలేని రాత్రి అదే.

మిగతా 24 సెంటీమీటర్లు, 7,680 లీటర్లు బోరు నుంచి. వానలకి బోరు కూడా కోలుకుంది, ట్యాంకర్ అక్కర్లేదు.

మొత్తం: మార్చిన నీళ్లు 46,600 లీటర్లు, అందులో 14,720 వాననీళ్లు. వాన గొట్టాల పైపులకి 1,350 కలిపి ఖర్చు 15,300.

స్టేజ్ 7: జూలై 14 రీడింగులు

1. స్టెబిలైజర్ 40, మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ అదే
2. పనిచేసే క్లోరిన్ 4, కలిసిపోయింది సున్నా
3. పీహెచ్ 7.5
4. ఆల్కలినిటీ 90
5. రోజువారీ నష్టం మబ్బు రోజుల్లో 1.5, హైపో అర లీటరు చాలు

మోటార్ రూమ్ తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించాం, టీసీసీఏ ఎవరు ఎన్ని గ్రాములు వేసినా తారీఖుతో రాయాలి, పక్క గడిలో స్టెబిలైజర్ ఎంత పెరిగిందో. మిగిలిన ఆ 3 కేజీలు పారేయలేదు. మేం ఊరెళ్లినప్పుడు తమ్ముడు రోజూ రాలేడు కాబట్టి అప్పుడు మాత్రం వాడతాం. కిందటి వారం నాలుగు రోజులు వరంగల్ వెళ్లాం, 300 గ్రాములు వేయించాం, గడిలో 4.2 అని తమ్ముడే రాశాడు.